కట్ట విప్పిన తెల్లవారుజాము

ఇంకా వెలుగు రాలేదు. వేపచెట్టు కొమ్మల్లో ఏదో పిట్ట రెండుసార్లు పలికి ఊరుకుంది. నిన్న సాయంత్రం అటక మీంచి దింపిన రేకుపెట్టె అరుగు మీద ఉంది. మూత తీస్తే ముందు కలరా ఉండల వాసన, ఆ వెనకే పాత కాగితం వాసన.

ఈ రోజు మండలాఫీసులో పని ఉంది. మూడెకరాల మెట్టచేను ఇంకా జేజినాయన పేరు మీదే ఉంది. ఆయన పోయి పాతికేళ్లు దాటింది. పేరు మార్పిడికి ఇంట్లో ఉన్న పాత కాగితాలన్నీ తెమ్మన్నారు. వెతకడానికి పొద్దు పొడిచాక కూర్చున్నా సరిపోయేది. ఎందుకో ఆ కాగితాలతో కాసేపు ఒంటరిగా ఉండాలనిపించింది.

పెట్టెలో అన్నిటికన్నా అడుగున ఒక మూట. ఒకప్పుడు తెల్లగా ఉన్న గుడ్డ, ఇప్పుడు ఎండిన మామిడాకు రంగుకు తిరిగింది. పురికొసతో మూడు చుట్లు చుట్టి ముడి వేశారు. అవ్వ దీన్ని బస్తా అనేది. "బస్తా జాగ్రత్త" అని దీపావళికి ఇల్లు దులిపేటప్పుడల్లా గుర్తుచేసేది. మా చిన్నతనంలో బస్తా అంటే శనక్కాయలదే. ఇంత చిన్న మూటను బస్తా అంటుందేమిటా అనుకునేవాళ్లం. అవ్వ మాటే సరైనదని చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. పారసీలో బస్తా అంటే కట్టినది. కాగితాలను గుడ్డలో పెట్టి కట్టిన మూటను కచేరీల్లో బస్తా అనేవారు. గోనెసంచికి ఆ పేరు రావడం ఆ తర్వాతి సంగతి అయివుంటుంది.

ముడి విప్పడానికి చాలాసేపు పట్టింది. పురికొస బిగుసుకుపోయి ఉంది. గోరుతో మెల్లగా లాగుతుంటే ఒక సంగతి తట్టింది. ఫైలు అన్న మాటకు మూలం లాటిన్‌లో దారం. కాగితాలను దారానికి గుచ్చి వేలాడదీసేవారట. గ్రంథం అన్నా కట్టడమే, ముడివేయడమే. సూత్రం అంటే దారమే. మన ఊళ్లలో తాటాకుల మీద రాసిన లెక్కలను కవిలెకట్ట అనేవారు. ఎక్కడెక్కడి మనుషులో, ఒకరినొకరు ఎరగనివాళ్లు, రాసిన ప్రతిదాన్నీ ముందు కట్టి ఉంచాలనుకున్నారు. దేనికి భయపడి కట్టారో. గాలికేనా? విడిగా ఉంటే మాట నిలవదని ఎక్కడో లోపల తెలిసి ఉంటుందా?

బ్యూరోక్రసీ అన్న మాట కూడా ఒక గుడ్డ నుంచే వచ్చింది. ఫ్రెంచిలో బ్యూర్ అంటే ముతక ఉన్ని బట్ట, మన గొంగడి లాంటిది. దాన్ని రాతబల్ల మీద పరిచేవారు. బట్ట పేరు బల్లకు వచ్చింది, బల్ల పేరు గదికి వచ్చింది, గది పేరు అందులోని మనుషులకూ వాళ్ల పెత్తనానికీ వచ్చింది. 18వ శతాబ్దం మధ్యలో విన్సెంట్ ద గూర్నే అనే ఆయన ఈ బ్యూరోకు గ్రీకులో ఏలుబడి అనే అర్థమున్న ముక్కను చేర్చి ఈ మాట కట్టాడని చెబుతారు. ఆయన కూడా సర్కారు కొలువులో ఉన్నవాడే, ఫ్రాన్సులో వాణిజ్య వ్యవహారాలు చూసిన అధికారి. లోపల కూర్చున్న మనిషికే ఆ బల్ల బరువు తెలిసినట్టుంది.

మన పత్రికలు దీన్ని అధికార యంత్రాంగం అంటాయి. ఫ్రెంచివాళ్లకు బట్ట కనిపించిన చోట మనకు యంత్రం కనిపించింది. యంత్రం అన్నాక ఆ మాటలో మనిషికి చోటు తగ్గిపోతుంది. ముతకదైనా సరే, బట్టయితే ఎవరో ఒకరు నేసి ఉంటారు. దాని మీద ఎవరిదో చెయ్యి ఆని ఉంటుంది. పేరు మారితే చూపు మారుతుందా, లేక చూపు మారాకే పేరు మారుతుందా? నాకు ఎటూ తేలలేదు.

తూర్పున నలుపు కొంచెం పలచబడింది. మొదటి కాగితం తీశాను.

అది కోర్టు కాగితం. "వాయిదా" అని రాసి తేదీ వేశారు, దాన్ని కొట్టేసి ఇంకో తేదీ, దాన్నీ కొట్టేసి మరొకటి. నాకు ఈ మాట బాగా తెలుసు. ఇదే పని మీద పోయిన నెలలో మూడుసార్లు తిరిగాను. ఒకసారి సారు మీటింగులో ఉన్నారు, ఒకసారి సర్వరు పనిచేయలేదు, ఒకసారి ఒక కాగితం తక్కువైంది. మూడుసార్లూ ఆటోలో తిరిగి వస్తూ వాయిదా అన్న మాటను మనసులో తిట్టుకున్నాను.

అరబ్బీలో ఆ మాట పుట్టుక వేరు. వాదా అంటే మాట ఇవ్వడం, వాగ్దానం. ఫలానా రోజున ఈ పని చేస్తానని ఒకరు ఇంకొకరికి ఇచ్చే మాట. ఆ ఇచ్చిన మాటే తెలుగులో పని జరగకపోవడానికి పేరైపోయింది. మాట ఎంత దూరం నడిచి వచ్చిందో చూస్తే దిగులేస్తుంది. కానీ దాని నడక ఇంకా ముగిసినట్టు లేదు. కిటికీ అవతల "మళ్లీ సోమవారం రండి" అన్న కుర్రవాడు నిజానికి నాకు ఒక మాట ఇచ్చాడు. అది మాట ఇవ్వడమని అతనికీ తెలియదు, నాకూ తట్టలేదు. ఇద్దరికీ తెలిసి ఉంటే ఆ సోమవారం వేరుగా ఉండేదేమో.

అమ్మ గండి క్షేత్రానికి తీసుకుపొమ్మని అడిగింది. రెండు శ్రావణ మాసాలు దాటిపోయాయి. ప్రతిసారీ వచ్చే శనివారం అన్నాను. ఆ కుర్రవాడికీ నాకూ తేడా ఎక్కడుందో ఈ చీకట్లో వెతికితే దొరకడం లేదు.

మండలాఫీసు బయట కానుగచెట్టు కింద ఒక దస్తావేజు లేఖరి కూర్చుంటాడు. మడత కుర్చీ, చిన్న బల్ల, దాని మీద ఎగిరిపోకుండా రాయి పెట్టిన తెల్ల కాగితాలు. నేను రెండోసారి వెళ్లిన రోజు ఒక ముసలామె ఆయన ఎదుట గొంతుక్కూర్చుని అర్జీ రాయించుకుంటోంది. పింఛను సంగతి. ఆమె చెబుతున్నది చాలా ఉంది: కొడుకు, కోడలు, మోకాలినొప్పి, కూలిన గోడ. ఆయన రాస్తున్నది కొంచెమే. చివర్లో ఆయన కలం ఆపి, కొంచెం శ్రద్ధగా, "చిత్తగించవలెను" అని రాశాడు. ఈ రోజుల్లో ఆ మాట రాసేవాళ్లు తక్కువ. ఆమె వేలిముద్ర వేసింది. సిరా అంటిన వేలిని కొంగుకు తుడుచుకోకుండా గాలిలోనే ఉంచి, "సారు చూస్తాడా నాయనా?" అంది.

"చూస్తాడులే అవ్వా."

అంతే జరిగింది. కానీ ఇన్ని రోజులుగా ఆ ప్రశ్న నన్ను వదలడం లేదు. ఎందుకంటే మంజూరు అన్న మాటకు అరబ్బీలో అసలు అర్థం చూడబడినది అనే. నజరు అంటే చూపు. ఆ చూపు పడినది మంజూరు. పింఛను మంజూరైందంటే ఆ మనిషి మీద ఒకరి చూపు పడింది. ఆ ముసలామె ఏ నిఘంటువూ తెరవకుండానే ఆ మాట అడుక్కి దిగి, అక్కడ ఉన్నదాన్నే అడిగింది. ఇస్తాడా అని అడగలేదు. చూస్తాడా అంది.

లేఖరి రాసిన చివరి మాట కూడా దానికి తోబుట్టువే. చిత్తగించడం అంటే చిత్తంలో పెట్టుకోవడం, మనసు పెట్టి వినడం. అర్జీ పెట్టుకునేవాడు ఏళ్లతరబడి అడుగుతూ వచ్చింది ఇదే. ముందు మనసు పెట్టమన్నాడు, తర్వాతే ఏమన్నా. మనసు పెట్టి ఒక్కసారి చూస్తే మిగిలిన సగం పని దానంతట అదే జరుగుతుందని వాళ్ల నమ్మకమా? లేక పని జరగకపోయినా చూస్తే చాలుననుకునేంత లోతైన ఆకలా అది?

చూడడం తేలికైన పనిగానే కనిపిస్తుంది. ఈ అరుగు మీద నేను నలభై ఏళ్లుగా కూర్చుంటున్నాను. వేపచెట్టు మొదట్లో ఒక గొడ్డలిగాటు ఉంది, మానిపోయి పెదవిలా ముడుచుకుని. అది ఈ రోజే చూశాను. మా నాయన ముఖాన్ని చివరిసారి నిజంగా ఎప్పుడు చూశానని అడిగితే చెప్పలేను. రోజూ ఎదురుగానే ఉంటాడు. బళ్లో పిల్లలు హాజరు పలికినట్టు ఆయన ఉన్నాడని నేను, నేనున్నానని ఆయన పలుకుతూ గడిపేస్తున్నాం. మంజూరు కావలసినవి ఇంట్లోనే ఎన్ని ఉన్నాయో.

ఉద్యోగం, అధికారి అన్నవి సంస్కృతం నుంచి వచ్చినవి. ఉద్యోగం అంటే పూనిక, ప్రయత్నం. మహాభారతంలో ఉద్యోగపర్వం పేరుకు అర్థం అదే. జీతం దాని వెంట తర్వాత వచ్చింది. అధికారి సంగతి నన్ను ఇంకాసేపు ఆపింది. వేదాంత గ్రంథాలు మొదట్లోనే నాలుగు సంగతులు చెబుతాయి: అధికారి, విషయం, సంబంధం, ప్రయోజనం. అక్కడ అధికారి అంటే నేర్చుకోవడానికి తగినవాడు, లోపలికి రావడానికి సిద్ధమైనవాడు. గురువు గుమ్మం ముందు నిలబడినవాడు. ఇప్పుడు మనం ఎవరి గుమ్మం ముందు నిలబడతామో ఆయన అధికారి. గుమ్మానికి ఇటువైపు మాట అటువైపుకు ఎప్పుడు మారిందో. రెండు అర్థాలూ ఒకే మనిషిలో కలిసి ఉండడం సాధ్యమేననిపిస్తుంది. అలాంటివాళ్లను ఒకరిద్దరిని నేను చూశాను కూడా. వినేటప్పుడు కలం కింద పెట్టేస్తారు.

ఆ నాలుగింటిలో ఉన్న సంబంధమే మన తాలూకా. అరబ్బీలో తఅల్లుక్ అంటే అంటిపెట్టుకుని ఉండడం, సంబంధం. ఆంధ్రప్రదేశ్‌లో 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. తాలూకు మాత్రం ఎక్కడికీ పోలేదు. పెళ్లిలో ఎవరినైనా "మీరు ఎవరి తాలూకు?" అని ఇప్పటికీ అడుగుతారు. సర్కారు విడిచిపెట్టిన మాటను ఇల్లు దగ్గర ఉంచుకుంది. దాని నిజమైన చోటు ఇల్లే అయివుంటుంది.

పలచని వెలుగు వచ్చింది. అక్షరాలు ఇప్పుడు స్పష్టంగా కనిపిస్తున్నాయి. అమ్మ లేచి వాకిట్లో కళ్లాపి చల్లుతోంది. నీళ్లు మట్టి మీద పడే చప్పుడు, ఆ తర్వాత ఆ వాసన.

ఇలాంటి కాగితాలు చదవడానికే బ్రౌను దొర అంత తిప్పలు పడ్డాడు. 1820లో కడపకు వచ్చిన ఆ కంపెనీ ఉద్యోగికి కచేరీలో వినబడిన తెలుగులో సగం మాటలు పారసీవో, అరబ్బీవో, మరాఠీవో. 1852లో తన పెద్ద తెలుగు నిఘంటువుతో పాటు కచేరీ మాటలకు ప్రత్యేకంగా జిల్లా నిఘంటువని ఒకటి వేశాడు. తెలుగులో కలిసిపోయిన పరభాషా పదాలకు మరో నిఘంటువు 1854లో వచ్చింది. జిల్లా అన్న మాటకే అరబ్బీలో పక్కటెముక, పక్క అని అర్థం. ఊళ్లను ఎముకల్లా చూసిన చూపు ఎవరిదో. ఎదుట నిలబడినవాడు ఏమంటున్నాడో తెలుసుకోవాలన్న తపన ఒక మనిషిని ఎంత దూరం నడిపిస్తుందో అనిపిస్తుంది. అవసరం కోసమే మొదలుపెట్టి ఉంటాడు. అంత పని అవసరం ఒక్కటే చేయించి ఉండదు.

ఆయనకు ముందు కల్నల్ మెకంజీ ఊరూరికీ మనుషులను పంపి కైఫియతులు రాయించాడు. కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు ఆ పనిలో ఆయనకు తోడు. గుడి ఎవరు కట్టించారు, చెరువు ఎవరు తవ్వించారు, ఊరికి ఆ పేరు ఎలా వచ్చింది, ఇవన్నీ కరణాలు చెప్పారు, వీళ్లు రాసుకున్నారు. అరబ్బీలో కైఫ అంటే ఎలా అని. కైఫియతు అంటే ఎలా ఉందో ఆ సంగతి. ఒక ఊరి ముందు కూర్చుని, నువ్వు ఎలా ఉన్నావు అని అడిగి, అది చెప్పినంతసేపూ రాసుకున్నారన్నమాట. రాయించిన ప్రభుత్వం ఉద్దేశం ఏదైనా కావచ్చు. అడిగిన ప్రశ్న మాత్రం పక్కింటివాళ్లు పొద్దున్నే అడిగేదే.

మూటలో ఇంకో కాగితం నాలుగు మడతల్లో ఉంది. మడతల దగ్గర చిరిగి, వెనక అన్నంతో అతికించిన పేలికలు. పైన రాజీనామా అని ఉంది. జేజినాయన ఏ ఉద్యోగమూ చేయలేదు. చదివితే తెలిసింది, చేనిగట్టు మీద పక్క చేనివాళ్లతో వచ్చిన తగాదా అది. కోర్టు వాయిదాలు దీనికోసమే నడిచాయి. చివరికి ఇద్దరూ కూర్చుని తీర్మానించుకున్నారు. గట్టు రెండడుగులు ఇటు జరిగింది. గట్టు మీది చింతచెట్టు అటు పోయింది. కింద జేజినాయన వేలిముద్ర, వేలి గీతలు ఇప్పటికీ విడివిడిగా కనిపిస్తున్నాయి.

రాజీ అంటే సమ్మతి, తృప్తిపడడం. నామా అంటే రాత. రాజీనామా అంటే నాకు తృప్తేనని రాసి ఇచ్చిన కాగితం. పదవి వదులుకోవడమన్న అర్థం తర్వాత ముదిరినా, అడుగున ఉన్నది తృప్తే. వదులుకోవడానికీ తృప్తికీ ఒకే మాట ఎలా సరిపోయిందో. వదులుకున్నందుకు తృప్తి కలిగిందా, తృప్తి కలిగాకే వదులుకోగలిగాడా?

జేజినాయన నిజంగా తృప్తిపడ్డాడో లేదో ఈ కాగితం చెప్పదు. రెండడుగుల నేల మెట్టచేనులో తక్కువేమీ కాదు. ఆ చింతపండు మీద ఏడాది పులుసు గడిచేదని అవ్వ అనేది. కానీ ఆ తర్వాతి ఏళ్లలో ఆ చెట్టు కిందే ఇద్దరు ముసలివాళ్లూ మధ్యాహ్నం సద్ది మూటలు విప్పుకునేవాళ్లు. నేను చూశాను. అటు పోయిన చెట్టు నీడ ఇటుకూ పడేది. ఆయన ముఖంలో కొరత ఏదీ నాకు గుర్తులేదు. చిన్నపిల్లవాణ్ణి కాబట్టి కనిపించలేదో, నిజంగానే లేదో.

బాకీ అన్న మాట దగ్గరా ఇలాగే ఆగిపోయాను. ఒక చీటీ మీద "బాకీ రూ. 14" అని ఉంది. బాకీ అంటే మిగిలినది. అరబ్బీలో అదే మాట భగవంతుడి పేర్లలో ఒకటి, ఎప్పటికీ మిగిలి ఉండేవాడు అని. ఆ పద్నాలుగు రూపాయలు తీరాయో లేదో, ఎవరికి ఇవ్వాల్సినవో చెప్పేవాళ్లు ఇప్పుడు లేరు. చీటీ మాత్రం మిగిలింది.

ఈ కాగితాల్లో ఎక్కువభాగం కరణం చేతిరాత. ఎడమకు వాలిన గొలుసుకట్టు. వంశపారంపర్యంగా వచ్చిన ఆ కరణీకాలు 1984లో రద్దయ్యాయి. ఆ రద్దు మంచికే జరిగిందని నేననుకుంటాను. ఊరి రాత ఒకే ఇంటి చేతిలో ఉండడం వల్ల నష్టపోయిన కుటుంబాలు చాలా ఉన్నాయి. మాట మాత్రం మరోలా తలపుకు వస్తోంది. వ్యాకరణంలో కరణం అంటే దేనితో పని జరుగుతుందో అది, సాధనం. కొడవలి, కలం, చెయ్యి. ఊరు దేనితో తనను తాను గుర్తుపెట్టుకుందో ఆ సాధనానికి కరణమని పేరు పెట్టారు.

లోపల కూడా ఒక కరణం ఉంది. అంతఃకరణం. మనస్సు, బుద్ధి, చిత్తం, అహంకారం కలిసినది. రోజంతా అది కూడా రాస్తూనే ఉంటుంది: ఎవరు ఏమన్నారు, ఎవరు ఎంత ఇవ్వాలి, ఏ గట్టు ఎటు జరిగింది. దాని దస్త్రాలు ఎవరూ తనిఖీ చేయరు. అందులో ఎన్ని తప్పుడు లెక్కలున్నాయో, ఎన్ని వాయిదాలు పేరుకుపోయాయో తెల్లవారుజామునైతే కొంచెం కనిపిస్తాయి. పొద్దెక్కితే మళ్లీ కనిపించవు. ఆ ముసలామె కాగితం మీద రాయించిన చిత్తగించవలెను అన్న మాట ఒక ఆఫీసుకేనా, ప్రతి చిత్తానికీనా?

మూటలో చివరికి మిగిలింది ఒక సన్నని కట్ట, శిస్తు రసీదులు. మధ్యలో గుచ్చిన దారం తుప్పురంగుకు తిరిగింది. అన్నిటికన్నా పైది ఫసలీ 1381. ఫసలీకి 590 కలిపితే మామూలు సంవత్సరం వస్తుంది. 1971 జూలై నుంచి 1972 జూన్ దాకా అన్నమాట. ఫసల్ అంటే పంట. పంటతో లెక్కించిన ఏడాది. సర్కారు లెక్కల్లో వాన, విత్తు, కోత ఇంకా ఇలా దాగి ఉన్నాయి.

రసీదు అంటే పారసీలో వచ్చి చేరింది అని. వెలుగులోకి తిప్పి చూశాను. రూపాయల అంకె కింద మునసబు సంతకం. దాని పక్కన, అచ్చులో లేని మాట ఒకటి ఆయన తన చేత్తో రాశాడు. వచ్చి చేరిందని పారసీ చెప్పిన చోట తెలుగు ఇంకాస్త దగ్గరికి వచ్చి, చేతికి తగిలిందని చెబుతుంది.

అమ్మ కళ్లాపి ముగించి, చెంబు పక్కన పెట్టి, నా దగ్గరికి వచ్చి నిలబడింది. "ఏముంది అందులో?" అంది. ఈసారి తలెత్తి ఆమె ముఖం చూశాను. రసీదు చేతికిచ్చాను. అద్దాలు లేకపోయినా దూరంగా పట్టుకుని, ఆ ఒక్క మాటా పైకి చదివింది.

"ముట్టినది."